రెండో పార్టీ

ఈ పట్టణంలో ఒక ఇల్లు అమ్ముడుపోవాలంటే కనీసం రెండు కుటుంబాలు కావాలి. ఒకటి కొనడానికి, రెండోది కొంటానని బెదిరించడానికి. మొదటి కుటుంబం ఎవరైనా కావచ్చు. చేతిలో డబ్బుంటే చాలు, మరే యోగ్యతా అక్కర్లేదు. రెండో కుటుంబానికి మాత్రం అర్హతలు కావాలి. ఆ అర్హతలు నాకూ నా భార్యకూ సంపూర్ణంగా ఉన్నాయని ఇళ్ళ ఏజెంట్ల సంఘం వారు సంతకం పెట్టి, ముద్ర వేసి మరీ ధ్రువీకరించారు. ఆ పత్రం మా ముందుగదిలో గోడకు వేలాడుతోంది. గోడ మాది కాదు, ఇంటి ఓనరుది. మేకు కొట్టడానికి ఆయన అనుమతి తీసుకున్నాం.

నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుని. తక్కెడ పళ్ళెం అడుగున మైనం ముద్ద అంటించే కొట్లవాళ్ళను పట్టుకుని జరిమానా వేయడం నా ఉద్యోగం. నా భార్య మా ఆఫీసులో పద్నాలుగు మందికి మధ్యాహ్నం కేరేజీలు పంపుతుంది. అంటే పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా ఆవిడ ఆఫీసు వంటగది. ఇరవై రెండేళ్ళలో మేం ఐదు అద్దె ఇళ్ళు మారాం. ఐదింటిలోనూ వంటగది ఇంటి నడిమధ్యన ఉంది, ఐదింటికీ కిటికీ లేదు. అద్దెకుండేవాళ్ళు గాలి తక్కువ పీలుస్తారని ఇళ్ళు కట్టేవాళ్ళకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆ పొగకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. మొదట్లో నూనె కాగినప్పుడు వచ్చేది. తరవాత తరవాత నూనె సీసా మూత తీస్తేనే రావడం మొదలుపెట్టింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇంకో రెండేళ్ళు ఇదే పొగలో ఉంటే మాత్రం కష్టమమ్మా. నిజం చెప్పాలంటే మీకు కావలసింది మందు కాదు, కిటికీ" అన్నాడు. చీటీ మీద మాత్రం మందులే రాశాడు.

అందుకని ఇల్లు కొనాలనుకున్నాం. వంటగదికి కిటికీ ఉన్న ఇల్లు. ఇంతకన్నా పెద్ద కోరికలేవీ మాకు లేవు. ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. పాపం, వాళ్ళ కాలంలో ఏజెంట్లు ఉండి ఉండరు.

మాకు దొరికిన ఏజెంటును అందరూ తాళాలాయన అంటారు. నలభై ఇళ్ళ తాళాలు ఒకే గుత్తిగా నడుముకు కట్టుకుని తిరుగుతాడు. ఆయన వీధి మలుపులో ఉండగానే గలగల వినబడుతుంది. ఆయన ఉండేది మాత్రం ఒక సైకిల్ షాపు మీద అద్దె గదిలో. ఆ గదికి తాళం పనిచేయదు, తాడు కట్టుకుంటాడు.

తాళాలాయన చుట్టరికాలు కలపడంలో దిట్ట. ఫోను చేసినప్పుడు నేను 'సార్'ని. మొదటి ఇంటి గుమ్మం ఎక్కేసరికి 'అన్నగారు' అయ్యాను. బేరం దాకా వచ్చేసరికి నా భార్య ఆయనకు అక్కయ్య, నేను బావగారిని అయిపోయాం. బావగారిని అయ్యాక ధర తగ్గించమనడం ఏం మర్యాద? బేరం తప్పిపోతే మర్నాటికి మళ్ళీ 'సార్'. మూడు నెలల్లో మా చుట్టరికం నాలుగుసార్లు కలిసింది, నాలుగుసార్లు తెగింది. మా సొంత బావమరుదులతో కూడా ఇన్ని రాకపోకలు జరగలేదు.

ఆయన చూపించిన ఇళ్ళ గురించి చెడ్డగా చెప్పడం నా ఉద్దేశం కాదు. మొదటి ఇంట్లో పడకగది తలుపు తీస్తే మంచం ఉంది. మంచం తప్ప ఇంకేమీ లేదు, నిలబడడానికి జాగా కూడా. గోడలు మంచానికి కొలత తీసి కుట్టించినట్టున్నాయి. "చలికాలం వెచ్చగా ఉంటుంది బావగారూ" అన్నాడు. రెండో ఇంటి పక్కన రంపపు మిల్లు. మమ్మల్ని ఆదివారం తీసుకువెళ్ళాడు కనుక మిల్లు మూసి ఉంది. కళ్ళు మూసుకుని ఆ ప్రశాంతతను వినమన్నాడు. విన్నాం. మూడో ఇంట్లో హాలు పద్దెనిమిది అడుగులని కాగితం మీద ఉంటే, ప్రభుత్వ ముద్ర ఉన్న నా టేపు పద్నాలుగే చూపించింది. తాళాలాయన నా టేపు వంక జాలిగా చూశాడు.

"మీరు గోడల మధ్య కొలుస్తున్నారు సార్. మేం గోడలతో కలిపి, బయట మెట్లతో కలిపి, మెట్ల కింద నీడతో కలిపి కొలుస్తాం. నీడ మాత్రం వాడుకోరా మీరు?"

శాఖలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాను. నీడకు తూనిక రాయి మా దగ్గర లేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఇంతకీ వంటగదికి కిటికీ ఉన్న ఇళ్ళు లేకపోలేదు. ఉన్నాయి. కానీ అలాంటి ఇంట్లో మేం అడుగుపెట్టిన ప్రతిసారీ ఇంకో పార్టీ అక్కడే ఉండేది. ఒక పొడుగాయన, ఆయన భార్య. ఆవిడ గదులన్నీ తిరిగి, ఒక మూల ఆగి, "ఏమండీ, అమ్మ మంచం ఇక్కడ వేద్దాం" అనేది గొంతు వణుకుతుండగా. వెంటనే పొడుగాయన తాళాలాయన చెవిలో ఏదో చెప్పేవాడు. తాళాలాయన మా దగ్గరకు వచ్చి, వాళ్ళు ధర పెంచారనీ, తనకు మాత్రం మనసంతా మా వైపే ఉందనీ చెప్పేవాడు. మేం ఉన్నదంతా కూడదీసి పెంచినా చాలేది కాదు. ఇల్లు మూడో మనిషెవరో కొనుక్కుపోయేవాడు.

అలా కిటికీ ఉన్న నాలుగో ఇంట్లో కూడా ఆ పొడుగాయన భార్య అమ్మ మంచం వేసేసరికి నాకు అనుమానం వచ్చింది. తాళాలాయనను పక్కకు లాక్కెళ్ళి నిలదీశాను. ఆయన తడుముకుంటాడని, తలవంచుకుంటాడని అనుకున్నాను. ఆయన సంతోషించాడు.

"కనిపెట్టేశారన్నమాట! మీలాంటివాళ్ళే కావాలి బావగారూ. మీతో దాపరికం ఎందుకు? ఇల్లు ఒక్కడే చూస్తే అది ఇల్లు. ఇద్దరు చూస్తే అది అవకాశం. మనిషికి తనకేం కావాలో తనకి తెలీదు. పక్కవాడికి ఏం కావాలో చూసి తెలుసుకుంటాడు. ఆ పక్కవాణ్ణి నేను ఏర్పాటు చేస్తున్నా. ఇది మోసమా, సేవా? మీరే చెప్పండి."

నేను నోరు తెరిచేలోగా అది సేవేనని ఆయనే తీర్మానించి, అసలు విషయానికి వచ్చాడు. పొడుగాయన దంపతులు ఇక పనికిరారట. ఊళ్ళో సగం మంది గుర్తుపట్టేస్తున్నారట. మొన్న ఒకింట్లో కొనడానికి వచ్చినావిడ ఎదురొచ్చి, "అమ్మగారు కులాసాయేనా? మంచం ఎక్కడైనా వేశారా ఇంతకీ?" అని పరామర్శించిందట. ఆ ఖాళీలోకి మేం రావాలి.

"కొనలేరన్న సంగతి మొహంలో కనబడకూడదు. కొనాలన్న తపన కనబడాలి. ఇవి రెండూ ఒకే మొహంలో దొరకడం ఎంత అరుదో మీకు తెలీదు. అక్కయ్య మొహంలో ఉన్నాయి. మీ ఇల్లు మీరు కొనుక్కునే రోజున నా కమీషను నాకొద్దు. ఒక్కో ఇల్లు అమ్ముడైనప్పుడల్లా అందులో కొంత కొంత మాఫీ చేస్తూ పోతాను. చుట్టాల మధ్య ఇంతకన్నా ఏం ఉంటుంది?"

నా భార్యకు ఇది రుచించలేదు.

"కొనని ఇల్లు కొంటామని చెప్పడం అబద్ధం కాదుటండీ?"

"కొంటామని ఎవరన్నారు? బావుందని అంటాం. బావుంటేనే అందాం."

"అయితే నేను కిటికీ గురించే మాట్లాడతాను. ఇంకో మాట మాట్లాడమంటే రాను" అంది.

ఆ వారమే పళ్ళెం కింద మైనం పెట్టిన ఒక కొట్టాయన నాకు దొరికాడు. ఆవగింజంత మైనమండీ అని మొత్తుకున్నాడు. గింజంతైనా గుమ్మడికాయంతైనా లేని బరువును ఉన్నట్టు చూపించడం నేరమని బుద్ధి చెప్పి, జరిమానా రాసి, ఆదివారం తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తాళాలాయన చెప్పిన ఇంటికి చేరుకున్నాను.

నా భార్య చేసిందేమీ లేదు. తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. కిటికీ రెక్కలు తెరిచింది. గాలి మొహాన తగిలేలా నిలబడి కళ్ళు మూసుకుంది. అంతే. కొనడానికి వచ్చిన దంపతులు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ఇంటిల్లిపాదికీ ఎప్పుడూ హోటలు నుంచే భోజనం వస్తుందని తరవాత తెలిసింది. అయినా ఆ కిటికీ మరొకరికి పోతుందన్న ఊహ వాళ్ళు భరించలేకపోయారు. పావుగంటలో ఇల్లు అమ్ముడైంది.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఇదే వరస. మేం నిలబడిన కిటికీ ఉన్న ఇల్లు మర్నాటికి మిగలడం లేదు. ఒకాయన పక్కింటి గోడలోకి తెరుచుకునే కిటికీని కూడా ఎగబడి కొన్నాడు. నా భార్య ఆ కిటికీ ముందు ఒక్క క్షణమే ఆగింది, అదీ గోడ చూసి ఆశ్చర్యపోయి. నాలుగు నెలలు తిరిగేసరికి పట్టణంలో కిటికీ ఉన్న వంటగది అంటే ఒక హోదా అయింది. కొత్తగా కట్టేవాళ్ళు వంటగదికి మూడేసి కిటికీలు పెట్టి, పడకగదులకు మానేశారు. అటువైపు మా కమీషను మాఫీ అవుతోంది, ఇటువైపు ధరలు పెరుగుతున్నాయి. కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నామని నాకు తెలియకపోలేదు. కానీ నరకడంలో అంత పేరు వస్తుంటే గొడ్డలి కింద పెట్టబుద్ధి కాలేదు.

ఆ పేరు ఏజెంట్ల సంఘం దాకా వెళ్ళింది. వార్షిక సభకు పిలిచి 'ఉత్తమ ద్వితీయ పక్షం' పత్రం ఇచ్చారు. అధ్యక్షులవారు ఉపన్యసించారు.

"అమ్మేవాడు లేకపోయినా మన వృత్తి నడుస్తుంది. కొనేవాడు లేకపోయినా ఎలాగోలా నడుస్తుంది. కానీ కొనాలని ఉండీ కొనలేనివాడు లేకపోతే మాత్రం ఒక్క రోజు కూడా నడవదు. ఈ పట్టణంలో లేచిన ప్రతి గోడకీ పునాది అటువంటివారి ఆశే. ఆ ఆశ నిండు నూరేళ్ళూ అలాగే ఉండాలని, ఎన్నటికీ తీరకూడదని ఈ సభ తరఫున మనసారా కోరుకుంటున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. నా భార్య కొట్టలేదు. అప్పటికి ఆవిడ దగ్గు ఎక్కువైంది, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కేరేజీలు పద్నాలుగు నుంచి తొమ్మిదికి తగ్గించుకుంది. రెండేళ్ళన్న డాక్టరు మాటలో అప్పుడే ఏడాది కరిగిపోయింది.

ఇంతలో గడియారాలు బాగుచేసే ఒకాయన ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆయన దుకాణం వేరే ఊరికి మారుస్తున్నాడు. సందు చివర చిన్న ఇల్లు. కారు వెళ్ళదు కాబట్టి ధర తక్కువ. ఎంత తక్కువంటే, మా దగ్గరున్నదానికి సరిగ్గా సరిపోయేంత. గడియారాల పనికి వెలుతురు కావాలని ఆయన ప్రతి గదికీ దగ్గరుండి కిటికీ పెట్టించుకున్నాడు. వంటగదిలో కిటికీ నడుమెత్తున మొదలై దాదాపు కప్పు దాకా ఉంది. కింద రాతి అరుగు. అక్కడ కూర్చుని కూరగాయలు తరుక్కోవచ్చు. మేం యథాప్రకారం రెండో పార్టీగా వెళ్ళాం. మొదటి పార్టీ ఒక రంగుల కొట్టాయన, ఆయన భార్య.

నా భార్య కిటికీ తెరిచింది. ఎప్పటిలాగే నిలబడింది. కానీ రెండు నిమిషాలకు ఇటు తిరిగి, "ఏమండీ, ఇలా రండి" అని పిలిచింది. ఇన్ని ఆదివారాల్లో ఎప్పుడూ పిలవలేదు. నా చెయ్యి పట్టుకుని రాతి అరుగు మీద ఆనించింది.

"వచ్చి ఎంతసేపైంది? ఒక్కసారైనా దగ్గానా?"

దగ్గలేదు. నేను గమనించనే లేదు.

"ఇదేనండీ మన ఇల్లు" అంది. అంటూనే కన్నీళ్ళు పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పొగకు కళ్ళు తుడుచుకోవడం చూశాను గానీ ఇలా ఏడవడం చూడలేదు.

నేను తాళాలాయనను వెనక వసారాలోకి తీసుకెళ్ళాను. "ఈ ఇల్లు మాకు కావాలి. డబ్బు సరిపోతుంది. వాళ్ళను పంపించెయ్" అన్నాను.

తాళాలాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావగారూ, ఇవాళ అదరగొట్టేశారు! అక్కయ్య ఏడుపు చూసి నాకే గొంతు పట్టేసింది."

"అది నటన కాదు. నిజంగానే కొంటాం."

"అబ్బ! ఈ మాట ఇదే గొంతుతో ఆయనకి వినబడేలా అనండి."

వినబడేలానే అన్నాను. రంగుల కొట్టాయన వెంటనే ధర పెంచాడు. మా ఆవిడ బంగారు గాజులు అమ్మొచ్చని గుర్తొచ్చి, నేను నిజంగానే పెంచాను. ఆయన ఇంకా పెంచాడు. తాళాలాయన గోడకు ఆనుకుని, కొడుకు మొదటిసారి సైకిలు తొక్కుతుంటే చూసే తండ్రిలా మురిసిపోతున్నాడు. ఇక నిజం చెప్పడం తప్ప దారి లేదని తోచి, రంగుల కొట్టాయన ముందు చేతులు జోడించాను.

"అయ్యా, మేం ఈ ఏజెంటు పెట్టుకున్న మనుషులం. ఇన్నాళ్ళూ ధర పెంచడానికి వచ్చాం. తప్పే. కానీ ఇవాళ మాత్రం కొనడానికి వచ్చాం. నమ్మండి."

ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నావా? మనల్ని తప్పించడానికి తమని తామే తిట్టుకుంటున్నారు. ఇంతకి తెగించారంటే ఇది మామూలు ఇల్లు కాదే." ఇంకో మెట్టు పెంచాడు. మా దగ్గర అంతకు మించి మెట్లు లేవు.

అప్పుడు నా భార్యే వంటగది గుమ్మంలోకి వచ్చింది. ఎవరినీ అంతవరకు చెయ్యి చాచి అడగని మనిషి.

"అన్నయ్యా, మీకు ఇంకో ఇల్లు దొరుకుతుంది. మీకు స్తోమతు ఉంది. నాకు ఈ దగ్గు ఉంది. డాక్టరు రెండేళ్ళన్నాడు, అందులో ఒకటి అయిపోయింది. ఈ ఒక్కటీ వదిలెయ్యండి అన్నయ్యా."

రంగుల కొట్టాయన కరిగిపోయాడు. ఈ విషయంలో ఆయనకు అన్యాయం చేయకూడదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెల్లెమ్మా, నిన్ను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందమ్మా" అన్నాడు. అంటూ జేబులోంచి చెక్కు పుస్తకం తీశాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈ కాకి పాపం కంటతడి పెట్టుకుంటూనే పొడిచింది.

సంతకాలయ్యాక తాళాలాయన మా దగ్గరకు వచ్చి ఒక శుభవార్త చెప్పాడు. ఈ అమ్మకంతో మా కమీషను పూర్తిగా మాఫీ అయిందట. ఇకమీదట మేం ఏ ఇల్లు కొన్నా ఆయనకు పైసా ఇవ్వనక్కర్లేదట. ఇది చెప్పి, అలవాటు తప్పి, మర్నాటి దాకా ఆగకుండానే నన్ను 'సార్' అన్నాడు.

ఇద్దరం ఇంటికి నడిచి వస్తున్నాం. మా వీధి మలుపులో దగ్గు తెర వచ్చి నా భార్య ఆగింది.

"నేను నిజమే చెప్పాను కదండీ. ఎందుకు నమ్మలేదు ఆయన?"

"నమ్మాడు. నమ్మాడు కనకే కొన్నాడు" అన్నాను.

ఆ రాత్రి నాకు రంగుల కొట్టాయన మీద కోపం రాలేదు. ఇన్ని ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంకొకరి తపన చూసి కొనే విద్య ఈ ఊరివాళ్ళకు నేర్పింది నేనే గదా అని నా మీద నాకే అసహ్యం వేసింది. నెల తరవాత అటువైపు తనిఖీకి వెళ్తే, రంగుల కొట్టాయన ఆ ఇంటిని గోదాము చేశాడని తెలిసింది. రంగు డబ్బాలకు గాలీ ఎండా తగలకూడదట. వంటగది కిటికీకి అప్పటికే సగం దాకా ఇటుకలు పేర్చారు. తాపీమేస్త్రి మంచి పనివాడు. ఒక్క ఇటుక వంకర లేదు.

నా భార్య ఇక ఏ ఇంటికీ రానంది. ఇప్పుడు కేరేజీలు ఆరు. ఈ సంగతంతా నేను మా ఆఫీసులో చెప్పాను, ఆవిడ వంట తింటూ ఉన్నవాళ్ళకే చెప్పాను. అందరూ ముద్ద నోటి దగ్గర ఆపి, "అయ్యయ్యో" అన్నారు. మంచివాళ్ళు. ముద్ద మింగాక రెండే ప్రశ్నలు అడిగారు. ఇల్లు చివరికి ఎంతకు పోయిందని ఒకటి. ఆ ఏజెంటు నంబరేదని ఒకటి.

ఇంత దూరం ఓపిగ్గా చదివిన మీకు కూడా ఈపాటికి ఆ రెండే తోచి ఉంటాయి. సిగ్గుపడకండి. ధర మాత్రం చెప్పను, ఆ సందులో మిగతా ఇళ్ళవాళ్ళు వింటారు. నంబరు కావాలంటే ఇస్తాను. కొలతలాయన పంపాడని చెప్పండి. అలా చెప్పి వచ్చిన ఒక్కొక్కరి పేరిట తాళాలాయన నాకు కొంత ముట్టజెబుతానన్నాడు, ఇలాంటివాళ్ళు ఇంకో నలభై మంది వస్తే మేమూ ఇల్లు చూసుకోవచ్చు. ఆదివారం తొమ్మిదింటికి రండి. మీతో పాటు చూడడానికి ఇంకో కుటుంబం వస్తుంది, కంగారుపడకండి. ఆ ఇంటావిడ ఏడుస్తూ ఉంటే ఏం చెయ్యాలో మీకు ఒకరు నేర్పక్కర్లేదు.